కాగ్నిటివ్ సైన్స్‌లో పీజీ చేయాలా వద్దా: ఫీజు కట్టకముందే తేల్చుకునే పద్ధతి

వడ్డేశ్వరంలో బీటెక్ ఫైనలియర్ చదివేవాళ్లు, బ్రాడీపేటలో బ్యాంక్ కోచింగ్‌కి వెళ్తూ మనసు మాత్రం ఇటు లాగుతున్న డిగ్రీ వాళ్లు, బీఏ సైకాలజీ అయిపోయి ఏం చేయాలో తోచని అమ్మాయిలు, అందరూ అడిగేది ఒకటే. "కాగ్నిటివ్ సైన్స్‌లో మాస్టర్స్‌కి స్కోప్ ఉందా?" ఈ ప్రశ్నకి ఎవరు ఏ జవాబు చెప్పినా మీకు పనికిరాదు, ఎందుకంటే ఇదే డిగ్రీ ఒకళ్లని పీహెచ్‌డీ దాకా తీసుకెళ్తుంది, ఇంకొకళ్లని రెండేళ్ల తర్వాత మళ్లీ జావా కోచింగ్‌లో కూర్చోబెడుతుంది. తేడా డిగ్రీలో లేదు, ఆ పని రోజూ చేయడం మీకు నచ్చుతుందా లేదా అన్న దాంట్లో ఉంది. అది చేరకముందే, ఇంట్లో కూర్చుని, నెలన్నరలో తెలుసుకోవచ్చు. ఎలాగో వరసగా రాస్తున్నాను.

థియరీ ఒక్క వాక్యంలో: మనిషి ఎలా చూస్తాడు, ఎలా గుర్తుపెట్టుకుంటాడు, ఎలా మాట్లాడతాడు, ఎలా నిర్ణయం తీసుకుంటాడు అన్నదాన్ని సైకాలజీ, భాషాశాస్త్రం, న్యూరోసైన్స్, ఫిలాసఫీ, ఆంత్రోపాలజీ, కంప్యూటర్ సైన్స్ అన్నీ కలిపి పరిశీలించే చదువు ఇది. ఇప్పటికి ఇంతే చాలు.

కావలసినవి

- రోజుకి గంట చొప్పున ఆరు వారాలు. సెమిస్టర్ పరీక్షలు ఉన్న నెలలో మొదలుపెట్టొద్దు.
- లాప్‌టాప్, అందులో ఎక్సెల్ గానీ లిబ్రే ఆఫీస్ గానీ.
- ఒక నోటుబుక్, నాలుగు స్కెచ్ పెన్నులు, కొన్ని తెల్ల కాగితాలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. (ఎందుకో మూడో మెట్టులో చెప్తాను.)
- పదిపన్నెండు మంది మనుషులు. హాస్టల్ రూమ్మేట్లు, పిన్ని పిల్లలు, పక్క వాటా వాళ్లు, ఎవరైనా పర్వాలేదు.
- ఇంటి లెక్కలు తెలిసిన పెద్దవాళ్లు ఒకరు.

1. ముందు, ఏ కారణంతో వెళ్లకూడదో చూసుకోండి

మీరు కౌన్సెలర్ గానో క్లినికల్ సైకాలజిస్ట్ గానో స్థిరపడాలనుకుంటే ఇక్కడే ఆగిపోండి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, దానికి దారి సైకాలజీ డిగ్రీల మీదుగా వెళ్తుంది. కాగ్నిటివ్ సైన్స్ ఎమ్మెస్సీ చేసి బోర్డు పెట్టుకుని పేషెంట్లని చూస్తానంటే కుదరదు. ఈ ఒక్క సంగతి తెలియక చేరి మొదటి సెమిస్టర్‌లోనే నీరసపడేవాళ్లు ఉంటారు.

రెండోది, "ఏఐ కదా, జీతాలు బాగుంటాయి" అనుకోవడం. ఏఐ ఉద్యోగమే కావాలంటే కంప్యూటర్ సైన్స్ ఎంటెక్ దగ్గరి దారి. కోర్సు పేరులో "కాగ్నిటివ్ కంప్యూటింగ్" అని కనపడినా మోసపోవద్దు, ఎక్కువ చోట్ల అది సీఎస్‌ఈకి ఇంకో పేరు. సిలబస్ తెరిచి ప్రయోగాల డిజైన్, పర్సెప్షన్, మెమరీ, లాంగ్వేజ్ మీద పేపర్లు ఉన్నాయో లేదో చూడండి.

మూడోది ఎవరూ పైకి చెప్పరు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం విసుగొచ్చిందనో, చదువుతున్నామంటే పెళ్లి సంబంధాలు రెండేళ్లు వాయిదా పడతాయనో చేరడం. కారణంగా అది తప్పని నేను అనను, కానీ దానికి ఇంత కష్టమైన చదువు అక్కర్లేదు.

2. ఒక్క పరిశోధనా పత్రం మొత్తం చదవండి

వీడియోలు కాదు. మెదడు గురించి వీడియోలు ఎవరికైనా నచ్చుతాయి, అవి చూసి ఆసక్తి ఉందని తేల్చుకోవడం అంటే సినిమా చూసి పోలీసు ఉద్యోగానికి అప్లై చేయడమే. చదవాల్సింది పేపరు.

మనకి దగ్గరైనదే ఒకటి ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) పేషెంట్ల మీద డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు చేసిన అధ్యయనం 2013లో "న్యూరాలజీ" పత్రికలో వచ్చింది. మొత్తం 648 మంది రికార్డులు చూస్తే, ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనపడింది. ఇంతవరకు వాట్సాప్ ఫార్వర్డ్ లాగే ఉంటుంది. అసలు పని ఇక్కడినుంచి మొదలవుతుంది.

చదువుతూ నోటుబుక్‌లో మూడు రాయండి. వాళ్లు దేన్ని కొలిచారు? భాషలు కాకుండా ఇంకేం కారణం అయ్యుండొచ్చు (చదువు, వృత్తి, పల్లె-పట్నం తేడా), దాన్ని వాళ్లు లెక్కలోకి తీసుకున్నారా? ఇదే ప్రశ్నకి జవాబు మీరు వెతకాలంటే ఏం చేస్తారు? రెండు భాషల వల్ల లాభం ఉందా లేదా అన్నది ఇప్పటికీ తెగని తగాదా, ఆ తేడా కనపడలేదని చెప్పిన పేపర్లూ ఉన్నాయి. వాటిలో ఒకటి వెతికి పక్కన పెట్టుకోండి.

సరి చూసుకోవడం: మొదటిసారి సగం అర్థం కాకపోవడం మామూలే, అందుకు టెన్షన్ పడొద్దు. చూడాల్సింది ఒకటే, మర్నాడు మళ్లీ తెరవాలనిపించిందా లేదా. రెండు వారాల్లో ఈ రెండు పేపర్లు కూడా పూర్తి చేయలేకపోతే, పరీక్షలు గానీ జ్వరం గానీ అడ్డం రాకుండా ఊరికే చేయలేకపోతే, అది జవాబే. ఈ కోర్సులో వారానికి అంతకంటే ఎక్కువ చదవాలి.

పేపర్లు మరీ గట్టిగా అనిపిస్తే ముందు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్) కాగ్నిటివ్ సైకాలజీ కోర్సు ఏదైనా చూడండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు. ఇప్పుడు మీకు కావలసింది సర్టిఫికెట్ కాదు.

3. ఒక ప్రయోగం చేయండి

మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే, దీన్ని దాటేసి ఐదో మెట్టుకి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

1935లో స్ట్రూప్ అనే ఆయన ప్రచురించిన ప్రయోగం. రంగు పేరుని వేరే రంగు సిరాతో రాసి, సిరా రంగు ఏదో చెప్పమంటే మనిషి తడబడతాడు. "ఎరుపు" అన్న మాట నీలం సిరాలో ఉంటే, నీలం అనడానికి నోరు తిరగదు, ఎందుకంటే చదవొద్దన్నా కన్ను చదివేస్తుంది. దీన్ని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చేయండి. విజయవాడ, గుంటూరులో నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియంలో చదివిన పిల్లలకి తెలుగు మాటలు అంత గట్టిగా అడ్డం పడతాయా, తెలుగు మీడియం వాళ్లకి ఎలా ఉంటుంది? చూశారా, ఇది మీ ఊళ్లోనే అడగగలిగిన అసలైన ప్రశ్న.

చేసే విధానం:

నాలుగు రంగులు తీసుకోండి: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు. పసుపు వద్దు, తెల్ల కాగితం మీద సరిగ్గా కనపడదు. మొదటి కాగితం మీద ఇరవై మాటలు, ప్రతి మాటా తన రంగులోనే. రెండో కాగితం మీద ఇరవై, ప్రతి మాటా వేరే రంగులో. ఇవే రెండు కాగితాలు ఇంగ్లీషులో. ప్రతి కాగితంలోనూ ఒక్కో సిరా ఐదేసి సార్లే రావాలి, ఎందుకంటే "ఆకుపచ్చ" అనడానికి "నీలం" అనడం కంటే ఎక్కువ సమయం పడుతుంది, ఒక కాగితంలో ఆకుపచ్చ ఎక్కువైతే మీరు కొలిచేది మెదడుని కాదు, నాలుకని. ఒకే రంగు పక్కపక్కన రాకుండా చూడండి.

మనిషిని కూర్చోబెట్టి, మాట చదవకుండా సిరా రంగు గట్టిగా చెప్పమనండి, తెలుగు కాగితానికి తెలుగులో, ఇంగ్లీషు కాగితానికి ఇంగ్లీషులో. స్టాప్‌వాచ్‌తో సమయం, పక్కన తప్పుల లెక్క రాసుకోండి. పేర్లు రాయొద్దు, నంబర్లు ఇవ్వండి. ఇష్టం లేకపోతే మధ్యలో లేచిపోవచ్చని ముందే చెప్పండి. ఇది మర్యాద కోసం కాదు, మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా ఎథిక్స్ కమిటీ మొదట అడిగేది ఇదే.

ఎక్కువగా జరిగే తప్పులు:

అందరికీ తేలికైన కాగితమే ముందు ఇవ్వడం. అప్పుడు రెండోది నెమ్మదిగా చెప్పింది కష్టం వల్లనా, అలసట వల్లనా అన్నది చెప్పలేరు. వరస మనిషి మనిషికీ మార్చండి.

కళ్లు చికిలించి చూడనివ్వడం. తెలివైనవాళ్లు అక్షరాలు మసకగా కనపడేలా కళ్లు సగం మూసి సిరా మాత్రం చూస్తారు, మా వైపు పిల్లలకి ఈ చిట్కా ఎవరూ నేర్పక్కర్లేదు. చూస్తుండండి.

రంగులు గుర్తుపట్టడంలో ఇబ్బంది ఉన్నవాళ్లని అడగకుండా కలిపేయడం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటారు.

నచ్చని లెక్క వచ్చిన మనిషిని తీసేయడం. ఇది తప్పు కాదు, మోసం. ఎవర్ని తీసేస్తారో మొదలుపెట్టకముందే రాసుకోవాలి.

తర్వాత ఒక్కో మనిషికి, ఒక్కో భాషలో, రెండో కాగితం సమయంలోంచి మొదటిది తీసేయండి. ఆ తేడాల్ని ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి పెయిర్డ్ టీ-టెస్ట్ (ఒకే మనుషుల రెండు కొలతల మధ్య తేడా ఊరికే యాదృచ్ఛికంగా వచ్చిందా కాదా చూసే లెక్క) చేయండి. పన్నెండు మందితో పెద్ద నిజాలేమీ తేలవు, తేలిందని ఎక్కడా పోస్ట్ చేయొద్దు.

సరి చూసుకోవడం: రెండు కాగితాల మధ్య తేడా దాదాపు అందరిలో కనపడాలి, ఈ ప్రభావం అంత బలమైనది. కనపడలేదంటే కాగితాల్లోనో సమయం తీయడంలోనో లోపం ఉంది. భాషల మధ్య తేడా మాత్రం రావొచ్చు, రాకపోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ భాగంలో మీకు టైం తెలియలేదు? మనుషులతో మాట్లాడుతూ "ఎలా అనిపించింది" అని అడగడంలో అయితే, మీకు సైకాలజీ గానీ, యాప్‌లు వాడేవాళ్లని గమనించే యూజర్ రీసెర్చ్ పని గానీ సరిపోతుంది. ఎక్సెల్‌లో అయితే డేటా అనలిటిక్స్ చూడండి. కాగితాలు తయారుచేస్తూ "అయ్యో, ఆకుపచ్చ పొడుగు మాట కదా, మరి దీన్నెలా సరిచేయాలి" అని రాత్రి పదకొండింటికి లేచి కూర్చుంటే, ఇక ఈ చదువు మీదే. మొత్తం నస అనిపిస్తే, రెండేళ్లు, కొన్ని లక్షలు మిగిలాయి.

4. లెక్కలు, కోడింగ్ ఎంతవరకు వచ్చో చూసుకోండి

భయపడాల్సినంత లేదు, వదిలేయగలిగినంతా లేదు. ప్రాబబిలిటీ, మీన్, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్ అర్థం కావాలి. పైథాన్‌లో గానీ ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలో గానీ ఒక ఫైలు తెరిచి సగటు తీసి గ్రాఫ్ గీయగలగాలి. ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ చదివినవాళ్లకి రెండు మూడు నెలలు అదనంగా పడుతుంది, అంతే. ఓపిక ఉంటే పైన చెప్పిన ప్రయోగాన్నే సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్ మీద చేసి చూడండి, ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకంటే మంచి వస్తువు ఉండదు. బీటెక్ వాళ్లకి ఇక్కడ ఇబ్బంది రాదు, వాళ్లు తడబడేది రాయడం దగ్గర. రెండు పేజీల వాదన ఇంగ్లీషులో సొంతంగా రాయగలరా లేదా చూసుకోండి, చాట్‌బాట్ సాయం లేకుండా.

5. ఎక్కడ చదవాలో చూడండి

మనకి దగ్గర హైదరాబాద్. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ఎమ్మెస్సీ ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, అక్కడ ఎంఎస్ బై రీసెర్చ్‌కి పీజీఈఈ పరీక్ష రాయాలి, కంప్యూటర్ వైపు వాళ్లకి అది నప్పుతుంది. అలహాబాద్ యూనివర్సిటీ సెంటర్ 2002లో మొదలైంది, దేశంలో ఈ సబ్జెక్టుకి పాత అడ్డాల్లో ఒకటి. ఐఐటీ గాంధీనగర్, ఐఐటీ ఢిల్లీలో ఎమ్మెస్సీ కాగ్నిటివ్ సైన్స్ ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో ఈ సబ్జెక్టుకి విడిగా డిపార్ట్‌మెంటే ఉంది. గాంధీనగర్ దూరమని ఇంట్లో అంటే, విజయవాడలో నవజీవన్ ఎక్కితే నేరుగా అహ్మదాబాద్‌లో దిగుతారని చెప్పండి.

సీట్లు సీయూఈటీ పీజీ (యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) మీద ఇస్తారా, సొంత పరీక్ష మీద ఇస్తారా అన్నది ఏ యేటికాయేడు నోటిఫికేషన్‌లో చూసుకోవాల్సిందే. పాత పోస్టులు నమ్మి డేట్ పోగొట్టుకోవద్దు. సీట్లు తక్కువ కాబట్టి ఒక్క చోటే అప్లై చేయడం పిచ్చితనం.

విదేశాలంటే జర్మనీలో ఓస్నాబ్రూక్, ట్యూబింగెన్, ఇటలీలో ట్రెంటో, బ్రిటన్‌లో ఎడిన్‌బరో పేరున్నవి. ఓస్నాబ్రూక్‌లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ కంట్రిబ్యూషన్ కడితే చాలు. ట్యూబింగెన్ ఉన్న రాష్ట్రంలో మాత్రం యూరప్ బయటివాళ్లు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి. "జర్మనీలో చదువు ఫ్రీ" అని బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీలు ఎన్ని చెప్పినా, వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అది రూపాయల్లో పది లక్షలు దాటుతుంది. ఆ డబ్బు మీదే, నెలకి 992 చొప్పున మీరే తీసుకుని ఖర్చుపెట్టుకుంటారు, కానీ ముందు చేతిలో ఉండాలి కదా. ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు కాగితాలు అసలైనవేనని జర్మన్ ఎంబసీ విభాగం ఇచ్చేది) కూడా తప్పనిసరి.

6. డబ్బు లెక్క కాగితం మీద వేయండి

ఫీజు ఒక్కటే కాదు. నెలకి 30 వేలు వచ్చే ఉద్యోగం వదులుకుని వెళ్తే రెండేళ్లకి 7 లక్షల 20 వేలు రాకుండా పోతాయి, అదీ ఖర్చే. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫీజు వేలల్లో ఉంటుంది, కాబట్టి అక్కడ సీటొస్తే ప్రమాదం తక్కువ, ఒకవేళ నచ్చకపోయినా ఇల్లు మునగదు. లోన్ మీద ఎడిన్‌బరో వెళ్లడం వేరే సంగతి. 20 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకి 27,500 పైనే కట్టాలి, చదివే కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి, అంటే పొలం కాగితాలో ఇంటి కాగితాలో నాన్నగారు బ్యాంకులో పెట్టాలి.

నా మాట అడిగితే, ఈ సబ్జెక్టు కోసం అప్పు చేసి విదేశాలకి వెళ్లొద్దు, స్కాలర్‌షిప్ వస్తే గానీ. ఒప్పుకోని వాళ్లు ఉంటారు, ఉండనివ్వండి.

ఇంకో లెక్క సంవత్సరాలది. మాస్టర్స్ రెండేళ్లు, పరిశోధనలోకే వెళ్తే పీహెచ్‌డీ ఐదేళ్ల చుట్టుపక్కల. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 వస్తుంది, బతకొచ్చు, ఇంటికి పంపడం కష్టం. ఇరవై తొమ్మిదో ఏట కూడా స్టూడెంట్‌గా ఉండటానికి మీరూ, మీ ఇల్లూ సిద్ధమా? పీహెచ్‌డీ వద్దనుకుంటే, ఈ డిగ్రీతో పాటు కోడింగో, స్టాటిస్టిక్సో, యూజర్ రీసెర్చో ఒకటి గట్టిగా చేతిలో ఉండాలి. డిగ్రీ ఒక్కటే చూసి ఉద్యోగం ఇచ్చే కంపెనీలు మన దగ్గర అరుదు.

లెక్చరర్ కావాలనుకునేవాళ్లకి చిన్న హెచ్చరిక. సైకాలజీ పోస్టులకి ఈ డిగ్రీ చెల్లుతుందా అని చేరకముందే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

7. చదివి బయటికొచ్చినవాళ్లని అడగండి

లింక్డిన్‌లో ఆ కోర్సు పేరు కొడితే పాసైనవాళ్లు దొరుకుతారు. "సార్, స్కోప్ ఎలా ఉంటుంది" అని పంపితే ఎవరూ జవాబివ్వరు. ఇలా అడగండి: "మీ బ్యాచ్‌లో పీహెచ్‌డీకి వెళ్లనివాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" "థీసిస్‌కి గైడ్ దొరకడం ఎలా ఉంటుంది?" "మళ్లీ అయితే ఇదే చేరతారా?" వీటికి జవాబులు వస్తాయి. బాగా స్థిరపడినవాళ్లనే కాకుండా మధ్యలో దారి మార్చినవాళ్లని కూడా వెతకండి, బ్రోచర్లో కనపడనిది వాళ్ల దగ్గరే ఉంటుంది.

8. ఇంట్లో చెప్పండి

"కాగ్నిటివ్ సైన్స్" అనగానే మామయ్య "అంటే పిచ్చి డాక్టరా?" అంటాడు. వాదించొద్దు. ఆ నాలుగు కాగితాలు తీసి, మామయ్య చేతే చేయించండి. ఎరుపు మాట చూసి నీలం అనలేక నవ్వుతాడు, అప్పుడు చెప్పండి, ఇలా ఎందుకవుతుందో చదివే కోర్సు అని. ఆ తర్వాత ఆరో మెట్టులో వేసిన డబ్బు లెక్క కాగితం నాన్నగారికివ్వండి. ముందు లెక్క, తర్వాత నవ్వు అయితే పని జరగదు.

9. ఒక పేజీ రాసి, తేదీ పెట్టుకోండి

ఆరు వారాల తర్వాత ఒకే పేజీ: నేను వెతకాలనుకునే ప్రశ్న ఇది, ఈ చోట్ల దీని మీద పనిచేసే ప్రొఫెసర్లు వీళ్లు, ఖర్చు ఇంత, రాకపోతే చేసేది ఇది. రాశాక దాన్ని మిమ్మల్ని వద్దంటున్న మనిషికే చదివి వినిపించండి. వాళ్లు వేసిన ప్రశ్నల్లో సగానికి పైగా జవాబు మీ దగ్గర ఉంటే అప్లై చేయండి. మొదటి గడి, అంటే ప్రశ్న, ఖాళీగా ఉండిపోతే ఈ ఏడాది వద్దు. వద్దంటే ఎప్పటికీ వద్దని కాదు. ఉద్యోగం చేస్తూ ఏదైనా ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కి అడగొచ్చు, లేదా గేట్‌లో హ్యుమానిటీస్ పేపరు కింద సైకాలజీ రాయొచ్చు, వచ్చే ఏడు మళ్లీ ఇదే పేజీ తెరవొచ్చు.

అప్లై చేయాలని తేలినవాళ్లు మార్కుల మెమోలన్నీ, ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఈ వారమే చూసుకోండి. నాగార్జున యూనివర్సిటీ అయినా, జేఎన్‌టీయూ కాకినాడ అయినా, సప్లీ రాసిన సబ్జెక్టు మెమో ఒక్కటి కనపడకపోతే డూప్లికేట్ తెప్పించుకునేసరికి డెడ్‌లైన్ దాటిపోతుంది. ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉందేమో కూడా ఇప్పుడే చూడండి.